హెపటైటిస్-బి: పెద్దలకు టీకా, ప్రయాణానికి ముందు పరీక్ష

కామెర్ల గురించి రాయమని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. వానలు మొదలై, తాగునీటి గొట్టాలలో మురుగునీరు కలిసే రోజుల్లో ఈ అడగడం మరీ ఎక్కువవుతుంది. అయితే ఈ సంచికలో మేము రాస్తున్నది నీటి వలన వచ్చే కామెర్ల గురించి కాదు. రక్తము ద్వారా శరీరంలోకి చేరి, ఏ బాధా తెలియనివ్వకుండా ఇరవై ముప్పై ఏళ్లు కాలేయంలో ఉండిపోయే హెపటైటిస్-బి గురించి. చంటిబిడ్డలకు దీని టీకా వేయించాలని ఇప్పుడు అందరికీ తెలుసు. ఆ బిడ్డలను ఎత్తుకుని వచ్చే తల్లిదండ్రులను "మరి మీరు వేయించుకున్నారా?" అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఈ పాఠం ముఖ్యంగా వారి కోసం, గల్ఫ్‌కో మరో దేశానికో ప్రయాణం పెట్టుకున్నవారి కోసం.

అన్ని కామెర్లు ఒకటి కావు

కళ్లు, మూత్రం పచ్చబడటం ఒక లక్షణం మాత్రమే. అది ఏ జబ్బు వలన వచ్చిందో వేరుగా తెలుసుకోవాలి. కాలేయాన్ని వాపుకు గురిచేసే వైరసులలో ముఖ్యమైనవి ఐదు: ఎ, బి, సి, డి, ఇ. ఎ, ఇ అనేవి కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వస్తాయి. కొన్ని వారాలు మనిషిని పడకేసి, సాధారణంగా వాటంతట అవే తగ్గిపోతాయి. గర్భిణులలో మాత్రం ఇ రకం ప్రాణాంతకం కావచ్చు. బి, సి రకాలు రక్తం ద్వారా వస్తాయి. ఇవి కొందరిలో పోకుండా జీవితాంతం నిలిచిపోతాయి. డి రకం బి ఉన్నవారికే వస్తుంది కనుక, బి టీకా వేయించుకున్నవారికి దాని భయం కూడా ఉండదు.

బి వైరసు ఒంట్లో చేరిన తర్వాత ఏమవుతుందనేది చాలావరకు వయసును బట్టి ఉంటుంది. ఇది అందరూ గుర్తుంచుకోవలసిన సంగతి. పుట్టిన సమయంలోనో, మొదటి ఏడాదిలోనో సోకితే నూటికి 90 మందిలో అది శాశ్వతంగా ఉండిపోతుంది. పెద్దవయసులో సోకితే నూటికి 95 మందికి పైగా ఆరు నెలల్లోపు దానిని వదిలించుకుంటారు. అంటే నేడు నలభై ఏళ్ల వ్యక్తి రక్తంలో ఈ వైరసు దీర్ఘకాలంగా ఉన్నట్లు తేలిందంటే, అది చాలాసార్లు తల్లి కడుపులోంచి బయటపడేటప్పుడో, పసితనంలోనో వచ్చినదై ఉంటుంది. "ఏ తప్పు తిరుగుడు తిరిగితే వచ్చిందో" అని ఇంట్లోవారు నిందించడం మేము చూస్తూనే ఉన్నాము. అటువంటి మాట అనేముందు ఈ లెక్క ఒకసారి తలచుకోండి.

ఇలా నిలిచిపోయిన వైరసు ఏళ్ల తరబడి కాలేయాన్ని కొద్దికొద్దిగా పాడుచేస్తుంది. మెత్తగా ఉండవలసిన కాలేయం గట్టిపడి, గడ్డలు గడ్డలుగా మారడాన్ని సిర్రోసిస్ అంటారు. కొందరిలో కాలేయ క్యాన్సరు వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచమంతటా 25 కోట్ల 40 లక్షల మంది ఈ వైరసుతో జీవిస్తున్నారు, ఆ ఒక్క ఏడాదే సుమారు 11 లక్షల మంది దీనివలన చనిపోయారు. మన దేశంలో ఉన్నవారు దాదాపు 3 కోట్లు. వీరిలో ఎక్కువమందికి తమలో ఇది ఉన్నట్లు తెలియదు. పొట్టలో నీరు చేరి, కాళ్లు వాచి, రక్తం కక్కుకున్న తర్వాతనే ఆసుపత్రికి వస్తారు. అప్పటికి మేము చేయగలిగింది తక్కువ.

ఎలా సోకుతుంది, ఎలా సోకదు

రక్తము, వీర్యము, యోనిస్రావాల ద్వారా ఇది ఒకరి నుండి మరొకరికి చేరుతుంది. తల్లి నుండి బిడ్డకు కాన్పు సమయంలో సోకడం, భార్యాభర్తల మధ్య కలయిక ద్వారా సోకడం, ఒకరికి వాడిన సూది మరొకరికి వాడటం ప్రధాన మార్గాలు. హెచ్.ఐ.వి. వైరసు కంటే ఇది 50 నుండి 100 రెట్లు సులువుగా అంటుకుంటుంది. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. కంటికి కనిపించనంత చిన్న చుక్క చాలు.

మన ఊళ్లలో దీని అర్థం ఏమిటో చూడండి. మంగలి షాపులో గడ్డం గీసి, డెట్టాలు నీళ్లలో ముంచి తీసిన కత్తే తర్వాతివారికి. జాతరలో, తిరునాళ్లలో పచ్చబొట్టు పొడిచే యంత్రానికి ఒకే సూది. ఊరి ఆర్.ఎం.పి. దగ్గర "సూది వేస్తేనే జ్వరం తగ్గుతుంది" అని పట్టుబట్టి వేయించుకునే ఇంజెక్షను. షుగరు పరీక్ష క్యాంపులో వేలికి గుచ్చే పిన్ను మార్చకపోవడం. ఇంట్లో అన్నదమ్ములు ఒకే రేజరు, ఒకే టూత్ బ్రష్షు వాడుకోవడం. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో హెపటైటిస్-బి విరుచుకుపడి పదుల సంఖ్యలో మరణాలు జరిగినప్పుడు, విచారణలో బయటపడింది ఒకసారి వాడిన సిరంజిలను మళ్లీ వాడటమే. అక్కడ జరిగినది ఎక్కడైనా జరగవచ్చు. సిరంజి కవరు మీ కళ్ల ముందు చింపమని అడగడం డాక్టరును అవమానించడం కాదు. మా ఆసుపత్రిలో కూడా అడగండి.

ఇక సోకని మార్గాలు. కలిసి భోజనం చేస్తే సోకదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే బాత్‌రూము వాడినా, చేయి కలిపినా, కౌగలించుకున్నా, దగ్గినా, తుమ్మినా సోకదు. దోమ కుడితే సోకదు. ప్రభురాత్రి భోజనంలో ఒకే గిన్నె నుండి తీసుకోవడానికి కొందరు వెనుకాడుతున్నారని, ఇంకొందరు పాజిటివ్ అని తెలిసినవారిని చివరన కూర్చోమంటున్నారని విన్నాము. దానికి వైద్యపరమైన ఆధారం ఏమీ లేదు. ఈ వైరసు గిన్నెల ద్వారా, తిండి ద్వారా వ్యాపించదు. తల్లి పాలు కూడా ఆపనక్కరలేదు. బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపు టీకా, వీలుంటే దానితోపాటు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షను పడితే, ఆ తల్లి నిశ్చింతగా పాలివ్వవచ్చు.

పసరు మందు సంగతి

దీని గురించి రాయకుండా కామెర్ల పాఠం పూర్తి కాదు. పసరు పోయించుకోవడం, ముంజేతి మీద వాత పెట్టించుకోవడం, ఉప్పూ నూనే లేని పథ్యం మన ప్రాంతంలో అందరికీ తెలిసినవే. "మా మేనమామకు పసరుతోనే తగ్గింది డాక్టరుగారూ" అంటారు. తగ్గి ఉండవచ్చు, మేము కాదనము. ఎ, ఇ రకాల కామెర్లు పసరు తాగినా తాగకపోయినా తగ్గేవే. పెద్దవారిలో కొత్తగా సోకిన బి కూడా నూటికి 95 మందిలో తనంతట తానే పోతుంది. పేరు మాత్రం పసరుకు దక్కుతుంది.

నేల ఉసిరి విషయంలో ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. 1988లో మద్రాసుకు చెందిన పరిశోధకులు, హెపటైటిస్-బి వైరసును కనుగొన్న బ్లూమ్‌బర్గ్ గారితో కలిసి, నేల ఉసిరి పొడి ఇచ్చిన కొందరిలో వైరసు పోయినట్లు ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్‌లో ప్రకటించారు. ప్రపంచమంతా ఆశగా చూసింది. కానీ తర్వాత ఇతర చోట్ల జరిగిన పరీక్షలలో ఆ ఫలితం నిలబడలేదు. అంటే శాస్త్రజ్ఞులు నాటు మందును చూడకుండానే తోసివేశారనే మాట సరికాదు. చూశారు, నమ్మకమైన ప్రయోజనం కనిపించలేదు. ఇప్పటికే దెబ్బతిన్న కాలేయం మీద తెలియని పసరులు పోయడం వలన ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. వాత పెట్టిన చోట చీము పట్టి వచ్చేవారి సంగతి సరేసరి. పథ్యం పేరుతో మనిషిని ఎండగట్టడం కూడా మంచిది కాదు. ఆకలి వేసినంత అన్నం, పప్పు, పండ్లు, మజ్జిగ తినవచ్చు. నిజంగా మానవలసింది ఒక్కటే, సారా, కల్లు, బ్రాందీ ఏ పేరున్నా సరే, మద్యం.

టీకా ఎలా వచ్చింది

అమెరికా శాస్త్రజ్ఞుడు బారుక్ బ్లూమ్‌బర్గ్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో తెలియని ఒక ప్రోటీనును గుర్తించి 1965లో ప్రకటించారు. దానికి ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టారు. అది హెపటైటిస్-బి వైరసు పైపొర అని తర్వాత తేలింది. నేడు మనం రక్తపరీక్షలో హెచ్.బి.ఎస్.ఏ.జి. అని చూసేది దానినే. ఆయనకు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పుట్టిన జూలై 28వ తేదీనే ప్రపంచ హెపటైటిస్ దినంగా పాటిస్తున్నాము.

మొదటి టీకాను 1980ల ఆరంభంలో వైరసు ఉన్నవారి రక్తం నుండి ఆ పైపొరను వేరుచేసి, శుద్ధి చేసి తయారుచేసేవారు. 1986 నుండి పద్ధతి మారింది. వైరసు పైపొరను తయారుచేసే జన్యువును ఈస్టు కణాలలో పెట్టి, వాటిచేత ఆ ప్రోటీనును చేయిస్తారు. కాబట్టి నేటి టీకాలో వైరసు లేదు, మనిషి రక్తం లేదు. టీకా వలన హెపటైటిస్ వస్తుందనేది అసాధ్యం.

అయితే ఆ టీకా విదేశాల నుండి రావలసి ఉండగా ఒక్కో డోసు వందల రూపాయలు పలికేది. కూలి చేసుకునే కుటుంబం మూడు డోసులు వేయించే మాటే లేదు. హైదరాబాదులో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో ఈస్టు పద్ధతిలోనే శాన్‌వాక్-బి అనే టీకాను తయారుచేసి, దిగుమతి టీకాతో పోల్చితే చాలా తక్కువ ధరకు అమ్మింది. ఆ పద్ధతిలో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా అదే. తర్వాత ఇతర భారతీయ సంస్థలూ తయారుచేయడంతో ధర ఇంకా దిగింది. ప్రభుత్వం 2002-03లో కొన్ని నగరాలలో, జిల్లాలలో పిల్లలకు ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2007-08లో ఆంధ్రప్రదేశ్‌తో సహా పది రాష్ట్రాలకు, 2011లో దేశమంతటికీ విస్తరించింది. ఇప్పుడు బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపు ఒక డోసు, ఆపైన 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ టీకాలో కలిపి ఇస్తున్నారు.

టీకా ఏమి సాధించగలదో తైవాన్ చూపించింది. అక్కడ 1984లో నవజాత శిశువులకు టీకా మొదలుపెట్టారు. పదేళ్లు తిరిగేసరికి పిల్లలలో కాలేయ క్యాన్సరు స్పష్టంగా తగ్గింది. ఒక టీకా క్యాన్సరును ఆపగలదని లోకం మొదటిసారి చూసింది అప్పుడే.

పెద్దలలో ఎవరికి అవసరం

పైన చెప్పిన తేదీలు చూస్తే మీకే అర్థమవుతుంది. నేడు ముప్పై ఏళ్లు దాటినవారిలో చాలామందికి చిన్నతనంలో ఈ టీకా పడలేదు. 2000 ప్రాంతంలో స్కూళ్లలో, సేవాసంఘాల క్యాంపులలో కొందరికి ఒకటి రెండు డోసులు పడ్డాయి, మూడవది వేయించుకోక వదిలేశారు.

మా అభిప్రాయం సూటిగా చెబుతాము. వీలున్న ప్రతి పెద్దవారూ వేయించుకోవడం మంచిది. ఖర్చు చూసుకోవలసిన ఇంట్లో మాత్రం ముందు వరుసలో ఉండవలసినవారు వీరు: ఇంట్లో ఎవరికైనా పాజిటివ్ ఉంటే భార్య లేదా భర్త, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఆసుపత్రిలో, లాబ్‌లో, అంబులెన్సులో పనిచేసేవారు, వారిలోనూ చెత్త ఎత్తే ఆయాలు, స్వీపర్లు, మంగలి వృత్తివారు, డయాలిసిస్ చేయించుకునేవారు, తరచుగా రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లలు, షుగరు వ్యాధి ఉన్నవారు, ఇదివరకే వేరే కాలేయ జబ్బు లేదా హెచ్.ఐ.వి. ఉన్నవారు. ఆసుపత్రి ఆయాలను మేము ప్రత్యేకంగా పేర్కొనడానికి కారణం ఉంది. డాక్టర్లు, నర్సులు చదువుకునేటప్పుడే టీకా వేయించుకుంటారు. సంచీలో పారేసిన సూది గుచ్చుకునేది మాత్రం ఆయా వేలికే.

డోసులు మూడు: మొదటిది నేడు, రెండవది నెలకు, మూడవది ఆరు నెలలకు. భుజం కండలోనే వేయించుకోవాలి. పిరుదులో వేస్తే సరిగా పనిచేయకపోవచ్చు. చేయి ఒకటి రెండు రోజులు నొప్పిగా ఉంటుంది, కొందరికి కొద్దిపాటి జ్వరం వస్తుంది, అంతే. ఆరోగ్యవంతులైన యువకులలో నూటికి 90 మందికి పైగా మూడు డోసులతో రక్షణ వస్తుంది. నలభై దాటాక ఇది కొంత తగ్గుతుంది, అందువలన వాయిదా వేయడం లాభం కాదు. డయాలిసిస్ వారికి రెట్టింపు మోతాదు కావాలి.

టీకాకు ముందు ఒక్కసారి హెచ్.బి.ఎస్.ఏ.జి. పరీక్ష చేయించుకోమని మేము చెబుతాము. వైరసు ఇప్పటికే ఉన్నవారికి టీకా హాని చేయదు, కానీ మేలూ చేయదు. "నేను టీకా వేయించుకున్నాను, నాకేం భయం" అనే తప్పుడు ధైర్యంతో అసలు జబ్బును పట్టించుకోకుండా పోతారు.

మెడికల్ షాపులో కొని తెచ్చుకునేవారికి ఒక మాట. ఈ టీకాను 2 నుండి 8 డిగ్రీల చలిలో ఉంచాలి, కానీ గడ్డకట్టనివ్వకూడదు. గడ్డకట్టి కరిగిన టీకా నీళ్లతో సమానం. ఐసుముక్కలలో నేరుగా పాతిపెట్టి తేవద్దు.

గల్ఫ్‌కు, ఇతర దేశాలకు వెళ్లేవారికి

జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి, గోదావరి జిల్లాల నుండి, కడప నుండి ఎన్ని కుటుంబాలు గల్ఫ్ మీద ఆధారపడి ఉన్నాయో వేరే చెప్పనక్కరలేదు. సౌదీ, కువైట్, ఖతార్ వంటి దేశాలకు పనికి వెళ్లేవారు ఇక్కడే, గుర్తింపు పొందిన సెంటర్లలో మెడికల్ చేయించుకోవాలి. మునుపు దానిని గామ్కా మెడికల్ అనేవారు, ఇప్పుడు వఫీద్ అనే పేరుతో జరుగుతున్నది. అందులో హెపటైటిస్-బి, సి పరీక్షలు కూడా ఉంటాయి. పాజిటివ్ వస్తే అన్‌ఫిట్ అని రాస్తారు.

విషాదం ఎక్కడంటే, చాలామంది తమకు ఈ వైరసు ఉన్నట్లు తెలుసుకునేది ఆ రోజే. అప్పటికి ఏజెంటుకు డబ్బు కట్టి ఉంటారు, పొలం తాకట్టు పెట్టి ఉంటారు, వడ్డీ నడుస్తూ ఉంటుంది. "సార్, నేను పచ్చగ లేను, అన్నం మంచిగ తింటున్న, బస్తాలు మోస్తున్న. నాకు జబ్బేంది సార్?" అని అడిగేవారికి సమాధానం చెప్పడం మాకు కష్టమైన పనులలో ఒకటి. ఆయన చెప్పింది నిజమే. ఆయనకు ఏ బాధా లేదు. అయినా కాగితం మీద అన్‌ఫిట్ అని ఉంది.

కాబట్టి వరుస మార్చండి. ఏజెంటుకు ఒక్క రూపాయి ఇవ్వకముందే దగ్గరలోని ఆసుపత్రిలో హెచ్.బి.ఎస్.ఏ.జి., హెపటైటిస్-సి పరీక్షలు చేయించుకోండి. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఫలితం నెగటివ్ అయితే వెంటనే టీకా మొదలుపెట్టండి, ప్రయాణం ఎప్పుడైనా సరే.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. టీకాలో ఉండేది వైరసు పైపొర ప్రోటీనే. పరీక్షలో వెదికేదీ అదే ప్రోటీను. అందుచేత టీకా వేయించుకున్న తర్వాత సుమారు మూడు వారాలలోపు రక్తం ఇస్తే, వ్యాధి లేకపోయినా పరీక్ష పాజిటివ్ అని చూపించే అవకాశం ఉంది. మెడికల్‌కు నాలుగు రోజుల ముందు "ఎందుకైనా మంచిది" అని టీకా వేయించుకుని వెళ్లవద్దు. మెడికల్ ముందు, టీకా తర్వాత. లేదా టీకా వేయించుకుని నెల ఆగి మెడికల్. నెల దాటితే టీకా వలన హెచ్.బి.ఎస్.ఏ.జి. పాజిటివ్ రాదు. టీకా వలన రక్తంలో నిలిచేది యాంటీ-హెచ్.బి.ఎస్. అనే రక్షక పదార్థం, అది వేరు.

ఆరు నెలల వ్యవధి లేదే, వీసా వచ్చేసిందే అంటారా? ఒక డోసుతో కొద్ది రక్షణే వస్తుంది. నెల తేడాతో రెండు డోసులు పడితే ఆరోగ్యవంతులైన పెద్దలలో నూటికి సుమారు 75 మందికి రక్షణ వస్తుంది. మూడవది అక్కడ వేయించుకోవచ్చు, లేదా సెలవుకు వచ్చినప్పుడు ఇక్కడ. ఆలస్యమైనా ఫరవాలేదు, మళ్లీ మొదటి నుండి మొదలుపెట్టనక్కరలేదు. మరీ తొందర ఉంటే నేడు, 7వ రోజు, 21వ రోజు మూడు డోసులు వేసి, ఏడాదికి నాలుగవది వేసే పద్ధతి కూడా ఉంది. డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి.

అక్కడికి చేరాక జాగ్రత్తలు ఇక్కడివే. క్యాంపు గదిలో పది పన్నెండు మంది ఉంటారు. రేజరు, నెయిల్ కట్టరు ఎవరివి వారివే. గదిలో తోటివాడు కత్తెరతో వెంట్రుకలు కత్తిరిస్తే ఫరవాలేదు, కానీ గడ్డం గీయడానికి బ్లేడు మాత్రం కొత్తది ఉండాలి. ఇంటికి దూరంగా ఏళ్ల తరబడి ఉన్నప్పుడు వచ్చే శోధనలు మాకు తెలియనివి కావు. ఉపదేశం పక్కన పెట్టి వైద్యులుగా చెబుతున్నాము: కండోము లేని కలయిక వలన హెపటైటిస్-బి, హెచ్.ఐ.వి. రెండూ ఇంటికి వస్తాయి. సెలవులో వచ్చిన భర్త నుండి ఇంటిపట్టున ఉన్న భార్యకు, ఆమె నుండి పుట్టబోయే బిడ్డకు. గర్భవతి అయిన ప్రతి స్త్రీకి ఈ పరీక్ష చేయడానికి కారణం ఇదే.

అమెరికా, ఇంగ్లండు వంటి దేశాలలో నర్సింగు, వైద్యవిద్య, ఆసుపత్రి ఉద్యోగాలకు వెళ్లే మన పిల్లలను మూడు డోసుల రికార్డు, దానితోపాటు యాంటీ-హెచ్.బి.ఎస్. ఫలితం అడుగుతారు. అది 10 యూనిట్లు లేదా అంతకు మించి ఉంటే రక్షణ ఉన్నట్లు. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు ఈ పరీక్ష చేయించుకోవాలి. అడ్మిషను వచ్చాక పరుగులు పెట్టేకంటే ఇంటర్ పూర్తికాగానే మొదలుపెట్టడం తెలివైన పని. వైద్యం కోసం, పళ్ల చికిత్స కోసం, డయాలిసిస్ అవసరముండి ప్రయాణించే పెద్దవారికి కూడా టీకా తప్పనిసరి అని మా సలహా.

పాజిటివ్ వస్తే

ముందుగా, ఒక్క పరీక్షతో బెంబేలు పడవద్దు. ఆరు నెలల తర్వాత మళ్లీ చూడాలి. ఇటీవల సోకినదైతే అప్పటికి పోయి ఉండవచ్చు. "మా మందు వాడితే నెలలో నెగటివ్, మెడికల్ పాస్ గ్యారంటీ" అనేవారు దొరుకుతారు. పదివేలు, ఇరవై వేలు గుంజుతారు. తనంతట తాను పోయిన కొద్దిమందిని చూపించి వారు వ్యాపారం చేస్తారు. దీర్ఘకాలంగా ఉన్న బి వైరసును నెలలో తుడిచిపెట్టే మందు అల్లోపతిలోనూ లేదు, మరెక్కడా లేదు.

ఉన్నదేమిటంటే, దానిని అణచి ఉంచే మాత్ర. టెనోఫోవిర్ లేదా ఎంటెకావిర్ రోజుకొకటి, డాక్టరు చెప్పిన కాలం వరకు, చాలామందికి ఏళ్ల తరబడి. కాలేయం గట్టిపడకుండా, క్యాన్సరు వచ్చే అవకాశం తగ్గేలా ఇవి చేస్తాయి. పాజిటివ్ ఉన్నవారందరికీ మాత్రలు అక్కరలేదు. కాలేయ పరీక్షలు, వైరసు లెక్క, స్కానింగు చూసి నిర్ణయిస్తారు. మాత్రలు అక్కరలేనివారు కూడా ఆరు నెలలకోసారి రావాలి. మొదలుపెట్టిన మాత్రను సొంతంగా ఆపితే వైరసు ఒక్కసారిగా తిరగబడి ప్రాణాపాయం కావచ్చు. కీళ్లనొప్పులకు స్టిరాయిడు, క్యాన్సరుకు కీమోథెరపీ వంటివి తీసుకోవలసి వస్తే ఆ డాక్టరుకు ఈ సంగతి ముందే చెప్పండి. రక్తదానం చేయకూడదు.

ఖర్చుకు భయపడి రాకుండా ఉండవద్దు. కేంద్ర ప్రభుత్వం 2018 జూలై 28న ప్రారంభించిన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద, ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షలు, మందులు ఉచితంగా ఇస్తారు. మీ జిల్లా ఆసుపత్రిలో, మెడికల్ కాలేజీలో అడగండి.

పెళ్లి చేసుకోవచ్చా అని కూడా అడుగుతారు, సాధారణంగా తల్లిదండ్రులే, గొంతు తగ్గించి. చేసుకోవచ్చు. అవతలివారికి దాచకుండా చెప్పి, వారికి మూడు డోసులు వేయించి, యాంటీ-హెచ్.బి.ఎస్. చూసుకుని, అంతవరకు కండోము వాడితే సరిపోతుంది. బిడ్డలు కూడా ఆరోగ్యంగా పుడతారు. తల్లిలో వైరసు ఎక్కువగా ఉంటే గర్భం చివరి మూడు నెలలలో టెనోఫోవిర్ ఇస్తారు, బిడ్డకు పుట్టగానే టీకా వేస్తారు. అందుకని కాన్పు ఇంటి దగ్గర కాకుండా ఆసుపత్రిలో జరగాలి.

మీరు అడిగిన కొన్ని ప్రశ్నలు

పాత కార్డులో రెండు డోసులే ఉన్నాయి, పదిహేనేళ్లయింది, ఇప్పుడేం చేయాలి? మూడవది వేయించుకోండి, చాలు. కార్డే పోయి, ఎన్ని పడ్డాయో గుర్తులేకపోతే మూడూ వేయించుకోండి. ఎక్కువ పడినందువలన నష్టం లేదు.

ఐదేళ్లకోసారి బూస్టరు కావాలని ఎవరో చెప్పారు. ఒకప్పుడు అలా అనుకునేవారు. మూడు డోసులు పూర్తిచేసిన ఆరోగ్యవంతులకు కనీసం ముప్పై ఏళ్లు రక్షణ ఉంటున్నట్లు ఇప్పుడు తెలుసు. బూస్టరు అక్కరలేదు. డయాలిసిస్ వారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు మాత్రం పరీక్ష చేయించుకుంటూ ఉండాలి.

గర్భవతి వేయించుకోవచ్చా? వేయించుకోవచ్చు. పాలిచ్చే తల్లి కూడా. ఇదివరకు ఈ టీకాతో తీవ్రమైన అలర్జీ వచ్చినవారు, ఈస్టుకు అలర్జీ ఉన్నవారు మాత్రం ముందే చెప్పాలి. జ్వరం తీవ్రంగా ఉన్న రోజున ఆగి, తగ్గాక రండి.

సూది గుచ్చుకుంది, ఎదుటివారికి పాజిటివ్ అట. గాయాన్ని సబ్బు, ధారగా పారే నీటితో కడగండి, పిండవద్దు. అదే రోజు ఆసుపత్రికి రండి. టీకా పడనివారికి ఇమ్యునోగ్లోబులిన్, టీకా రెండూ ఇవ్వాలి. 24 గంటల్లోపు అయితే మేలు, వారం దాటితే ఇమ్యునోగ్లోబులిన్ వలన ప్రయోజనం సందేహమే. రేపు పొద్దున చూద్దాంలే అని పడుకోవద్దు, రాత్రయినా అత్యవసర విభాగం తెరిచే ఉంటుంది.